పోపు చప్పుడు

మా హాస్టల్ లోపలికి మగవాళ్లను రానివ్వరు. నేను కెమెరా పట్టడం నేర్చుకున్నది ఆ ఒక్క నియమం వల్లే.

అప్పటికి అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. భీమవరం నుంచి నేర్చుకోవడానికి వచ్చినదాన్ని, నేర్చుకున్నచోటే పాఠాలు చెబుతూ ఉండిపోయాను. మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో మూడో అంతస్తులో నా మంచం. ఆదివారం మధ్యాహ్నాలు సెంటర్‌లో ఏదో ఒక క్లాసు రూము ఖాళీగా ఉండేది. ఉచిత సాఫ్ట్‌వేర్ మీద ఇష్టమున్నవాళ్లం పదిమందిమి అక్కడ చేరేవాళ్లం. ఎవరైనా విప్పి చూసుకోగలిగిన, మార్చుకోగలిగిన, ఇంకొకరికి ఇవ్వగలిగిన ప్రోగ్రాముల గురించీ, అలాగే డిజైన్లు అందరికీ వదిలేసిన పరికరాల గురించీ మాట్లాడుకునేవాళ్లం. టీ తాగేవాళ్లం. నిజం చెప్పాలంటే టీయే ఎక్కువ.

ఒక ఆదివారం ఎవరో అన్నారు, "మాటలు చాలు, ఒక చిన్న సినిమా తీద్దాం. కెమెరా నుంచి ఎడిటింగ్ దాకా అన్నీ ఇలాంటివే వాడదాం" అని. ఆ రోజు పదిమందీ సరేనని చేతులెత్తారు. నెల తిరిగేసరికి ఇద్దరం మిగిలాం. ఒకరు నేను. రెండో మనిషి పంజాగుట్టలో మానిటర్లూ ప్రొజెక్టర్లూ బాగుచేసే ఒకాయన. ఆయన్ని అందరూ అన్నా అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

అన్న నలభై దాటిన మనిషి. మెయిన్ రోడ్డు వెనక సందులో, ఇరుకు మెట్లెక్కి పోతే ఆయన షాపు. గోడల నిండా విప్పేసిన మానిటర్లు. మామూలుగా మాట తక్కువ, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే మాత్రం ధారాళంగా మాట్లాడేవాడు. కెమెరా ఆయనే చేశాడు. అరచేయంత కంప్యూటర్ బోర్డు, దానికి తగిలించిన సెన్సర్, పాత నిఘా కెమెరాలోంచి తీసిన లెన్సు, త్రీడీ ప్రింటర్ మీద చేసిన నల్ల పెట్టె. ఆ డిజైను ఎవరో ఎక్కడో గీసి నెట్‌లో పెట్టింది. ఆయన దానికి రెండు మార్పులు చేసి, ఆ మార్పులను తిరిగి నెట్‌లోనే పెట్టాడు.

"సూడనీకి టిఫిన్ డబ్బా లెక్కున్నది గని మస్తు పని చేస్తది చెల్లె," అంటూ నా చేతిలో పెట్టాడు. "ఒక్కటే తక్లీఫ్. లోపల ఫ్యాన్ ఉన్నది, సప్పుడు జేస్తది. అందుకే సౌండు వేరే రికార్డర్‌ల పట్టాలె."

ఏం తీయాలన్నది నేనే చెప్పాను. మా హాస్టల్ వంట. రోజూ పొద్దున ఎనభైమంది అమ్మాయిలకు ఒకే ఒక్క మనిషి టిఫిన్ చేస్తుంది, అది తీద్దాం అన్నాను.

"బాగనే ఉంటది. నన్ను లోపలికి రానిస్తరా?"

"వాచ్‌మన్‌నే గేటు దాటి రానివ్వరు అన్నా."

"అయితే నువ్వే తియ్యాలె."

"నాకు రాదు."

"నాకు సుత పుట్టంగనే రాలే. ఫికర్ చెయ్యకు, నేర్పిస్త."

హాస్టల్లో వంట చేసే ఆవిడను అందరం పెద్దమ్మా అనేవాళ్లం. నల్గొండ దగ్గర ఊరు. యాభై అయిదు దాటి ఉంటాయి. కొడుకు పెళ్లయి వేరే ఉంటాడు, ఆవిడ వంటగది పక్క గదిలోనే ఉండేది. పొట్టి మనిషి, పెద్ద గిన్నెలో గరిట తిప్పాలంటే చిన్న పీట ఎక్కేది. టిఫిన్ క్యూలో ముందు నిలబడేది సాధారణంగా నేనే, ఏడింటి బ్యాచ్ నాది కాబట్టి. ప్లేటులో ఉప్మా పెట్టి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా చూసి, "మంచిగున్నదా బిడ్డా?" అని అడిగేది. ఊరికి దూరంగా ఉన్నదానికి ఆ మాట చాలు, రోజంతా గడిచిపోయేది.

ఓనరమ్మది గుంటూరు వైపు. పర్మిషన్ అడిగితే, "తీసుకోండమ్మా, కానీ మన హాస్టల్ బోర్డు కనపడకూడదు. తర్వాత ఎవరో ఏదో అంటే నాకు తలనొప్పి" అన్నది. పెద్దమ్మ మాత్రం ముందు ఒప్పుకోలేదు. "గా డబ్బల నా మొకం పెడ్తవా? ఏం పని లేదా నీకు?" అన్నది. నాలుగు రోజులు వెంటపడితే, "సరే తియ్యి, అడ్డం మాత్రం రాకు" అంది.

అయిదింటికి మొదలయ్యేది వంట. మొదటివారం నేను తీసినవన్నీ పాడయ్యాయి. ఒకరోజు ఫోకస్ లేదు. ఒకరోజు లెన్సు మీద ఆవిరి. ఇంకోరోజు ఇడ్లీ పాత్ర మూత తీస్తున్న సమయానికి పొయ్యి వేడికి బోర్డు వేడెక్కిపోయి కెమెరా ఆగిపోయింది. అలా ఆగిన ప్రతిసారీ దాన్ని పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తేదాన్ని. అందుకోసమే పొద్దున్నే వచ్చిన అన్న అక్కడ టీ గ్లాసుతో నిలబడి ఉండేవాడు. పెట్టె విప్పి, ఉఫ్ అని ఊది, కేబుల్ మళ్లీ గుచ్చి ఇచ్చేవాడు. వాచ్‌మన్ ఆయనకు కుర్చీ వేయడం మొదలుపెట్టాడు. పేపరు కూడా ఇచ్చేవాడు.

బొమ్మ కుదరకపోయినా సౌండు మాత్రం మొదటిరోజు నుంచే బాగా వచ్చింది. రికార్డర్‌ను పొయ్యి పక్క షెల్ఫ్ మీద పెట్టి, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేదాన్ని. నూనె కాగుతున్నప్పుడు మొదట ఏమీ వినపడదు. తర్వాత సన్నగా ఒక రొద. ఆవాలు పడగానే చిటపటలు, అవి తగ్గుతుండగా మినప్పప్పు, ఆపైన కరివేపాకు ఒక్కసారిగా ఛుయ్‌మంటుంది. ఇన్నేళ్లు తిన్న పోపులో ఇన్ని మెట్లున్నాయని నాకు తెలియదు.

అలా వింటూ చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. పెద్దమ్మ గిన్నె మీదికి వంగినప్పుడు ముఖం పెట్టదు, చెవి పెడుతుంది. రవ్వ వేయించేటప్పుడు తల పక్కకు తిప్పి, కళ్లు మూసుకుని నిలబడుతుంది. మా అమ్మ రవ్వ వేగిందో లేదో వాసన చూసి చెప్పేది.

రెండోవారంలో ఒక పొద్దున, పని కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, "ఒకసారి విను పెద్దమ్మా" అని హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకు పెట్టాను. చట్నీకి పోపు వేస్తోంది. ఆవాలు చిట్లగానే ఉలిక్కిపడి గరిట వదిలేసింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"గివన్ని నీకు సుత ఇనిపిస్తయా? నా ఒక్కదానికే ఇనిపిస్తున్నయ్ అనుకున్న బిడ్డా."

"ఏమైంది పెద్దమ్మా?"

ఆవిడ తలుపు వైపు చూసింది. "ఎవ్వరికి చెప్పకు. నాకు వాసన తెలుస్తలేదు. ఎండకాలం జరమొచ్చింది గద, గప్పటి సంది. నాలుక మీద రుచి సుత లేదు. మట్టి తిన్నట్టే ఉంటది."

"మరి ఎలా వండుతున్నావు?"

"చేతికి లెక్క తెల్సు. ఉప్పు పిడికిలి చెప్తది. ఎయ్యించుడు, పొంగుడు సెవి చెప్తది. ఇగ తక్కువైందా ఎక్కువైందా అంటే, ముందల తినేటి పిల్ల మొకం సూస్త."

ముందు తినేది నేనే కదా. ఇన్ని నెలలుగా నా ముఖంలోకి అలా చూసింది అందుకా? ఒక్క క్షణం ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆ రోజు ఉప్మా తిని, అడగకముందే "బాగుంది" అని చెప్పి క్లాసుకు వెళ్లిపోయాను. క్లాసులో కూర్చున్నాక గుర్తొచ్చింది, రికార్డర్ ఆన్‌లోనే ఉందని, ఆ మాటలన్నీ అందులో పడ్డాయని.

సాయంత్రం పంజాగుట్ట షాపులో బొమ్మనూ సౌండునూ జతచేసేది అన్నే కాబట్టి, ఆ మాటలు ఆయనా విన్నాడు. నేనే తొందరపడ్డాను.

"ఇదే మన సినిమా అన్నా. మిగతాదంతా దీని చుట్టూ అల్లుకోవచ్చు."

"ఎవ్వరికి చెప్పకు అన్నది గద ఆమె."

"నేను ఒప్పిస్తాను."

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "చెల్లె, కెమెరా డిజైను మనం అందరి ముందల పెట్టినం, ఎందుకంటే అది మనది. గీ ముచ్చట ఆమెది. ఆమె చెప్తే చెప్తది, లేకుంటే లేదు."

నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది సరైనదేనని తెలియడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. అయినా మర్నాడు ఆవిడను అడిగి తీరాలనుకుంటూనే షాపు మెట్లు దిగాను.

మర్నాడు అయిదుకు వంటగది తలుపు తీయగానే ముక్కుకు గ్యాస్ వాసన కొట్టింది. గదంతా నిండిపోయి ఉంది. పెద్దమ్మ పెద్ద పొయ్యి ముందు పీట మీద నిలబడి ఉంది, చేతిలో లైటర్. పక్క పొయ్యి నాబ్ సగం తిరిగి ఉంది.

"పెద్దమ్మా, వెలిగించొద్దు!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. కెమెరా నేల మీద పెట్టేసి, ఆవిడ చేయి పట్టుకుని కిందికి లాగాను. ఇద్దరం బయటికి వచ్చి, సిలిండర్లు ఉన్న వసారాలో వాల్వులన్నీ కట్టేశాం. బయటి నుంచే కిటికీలు తోశాను. లైటు స్విచ్ జోలికి పోలేదు. వసారా గట్టు మీద కూలబడి ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"గ్యాసా?"

"గ్యాసే."

"నేను అరగంట సంది లోపట్నే ఉన్న. బియ్యం కడిగిన, పప్పు పోసిన." తలెత్తి పై అంతస్తుల వైపు చూసింది. "పిల్లలంత పైన పండుకున్నరు."

ఎలా అడగాలా అని రాత్రంతా సిద్ధమైన ఆ సినిమా సంగతే గుర్తులేదు. నాకు నిన్ననే తెలిసింది కదా, నిన్ననే ఆలోచించి ఉండాల్సింది కదా అన్నదే తిరుగుతోంది తలలో. ఆవిడే లేచింది. కొంగు సర్దుకుంది.

"పా, ఓనరమ్మ దగ్గరికి. నువ్వు జర పక్కన ఉండు. మాట్లాడుడు నేను మాట్లాడ్త."

ఓనరమ్మ నిద్రముఖంతో తలుపు తీసింది. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పింది, ఏదీ దాచలేదు. ఓనరమ్మ ముఖం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది.

"ఇన్ని నెలల నుంచి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తీసేస్తరని భయపడ్డ అమ్మా."

"తీసేస్తానో లేదో చెప్పాక కదా తెలిసేది! ఎనభైమంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలకు నేనేం చెప్పాలి? నీకేమన్నా అయితే నీ కొడుక్కి ఏం చెప్పాలి?"

ఆ రోజు టిఫిన్ బయటి నుంచి తెప్పించారు. అమ్మాయిలకు పూరీ వచ్చిందని సంబరం, ఎందుకొచ్చిందో వాళ్లకు తెలియదు. గ్యాస్ మెకానిక్ వచ్చి నాబ్‌లు, పైపులు మార్చి వెళ్లాడు. పెద్దమ్మ తన గదిలో బట్టలు మడత పెట్టుకుంటూ కూర్చుంది, బ్యాగు పక్కనే పెట్టుకుని. సాయంత్రం ఓనరమ్మ ఆ గదికి వెళ్లి, "రేపటి నుంచి పొయ్యి నేను వచ్చాకే వెలిగించు. రుచి నేను చూస్తాను" అని చెప్పింది. వెళ్లేముందు డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్తానంది. తీసుకెళ్లింది కూడా. కొందరికి వాసన తిరిగి వస్తుంది, కొందరికి చాలా కాలం పడుతుంది, రోజూ లవంగం, నిమ్మ తొక్క లాంటివి వాసన చూస్తూ ఉండమన్నాడాయన.

అలా ఓనరమ్మ రోజూ అయిదింటికి జుట్టు ముడేసుకుంటూ వంటగదిలోకి రావడం మొదలైంది. ఇద్దరికీ మొదటి పదిరోజులూ ఉప్పు దగ్గరే గొడవ. గుంటూరు నాలుకకు కారం చాలదు, నల్గొండ పిడికిలికి లెక్క తప్పదు. అవన్నీ నేను రికార్డు చేశాను, ఇద్దరికీ చెప్పే.

సంగతంతా విన్న అన్న వారం రోజులు షాపులో ఏదో చేస్తూ కూర్చున్నాడు. ఒక చిన్న బోర్డు, గ్యాస్ పట్టే సెన్సర్, ఒక బజర్. దీని డిజైనూ నెట్‌లో అందరికీ ఉన్నదే. "మెకానిక్ చేసింది అసలు పని. గిది మీదికెళ్లి ఒక చెవి" అన్నాడు. దాన్ని బిగించడానికి ఓనరమ్మ ఆయన్ని లోపలికి రానిచ్చింది. వాచ్‌మన్ గేటు తీసి, "పోండ్రి అన్నా, మీకే ఛాన్సు" అన్నాడు. అన్న చెప్పులు బయట విప్పి, తల వంచుకుని, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు. వంటగ్యాస్ నేలబారునే పేరుకుంటుంది కాబట్టి, దాన్ని నేలకు జానెడెత్తున గోడకు బిగించి స్విచ్ వేశాడు. పెద్దమ్మ ఎండుమిర్చి పోపు వేయగానే అది కేకలు మొదలుపెట్టింది. మేం దగ్గుతున్నాం, అది అరుస్తోంది, పైనుంచి అమ్మాయిలు దిగి వచ్చారు. అన్న కళ్లు తుడుచుకుంటూ లాప్‌టాప్ తెరిచి, మూడు పోపుల తర్వాత దానికి మిర్చికీ గ్యాస్‌కూ తేడా నేర్పగలిగాడు.

ఎడిటింగ్‌కు రెండు నెలలు పట్టింది. క్లాసులయ్యాక పంజాగుట్ట వెళ్లి కూర్చునేదాన్ని. పాత లాప్‌టాప్, ఉచిత ఎడిటింగ్ ప్రోగ్రాము. సౌండు ట్రాకులు పన్నెండు దాటితే ప్రోగ్రాము మూసుకుపోయేది. నా వృత్తే తప్పులు పట్టడం కాబట్టి, ఏ బటన్ తర్వాత ఏది నొక్కితే పడిపోతోందో వరసగా రాసి, దాన్ని తయారుచేసేవాళ్లకు పంపాను. నాలుగు రోజుల్లో ఎవరో, ఏ దేశమో తెలియదు, సరిచేసి, "ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్" అన్నారు. నేను పట్టిన తప్పుకు ఎవరైనా థాంక్స్ చెప్పడం అదే మొదటిసారి. ఆ జవాబు ప్రింటు తీసి మా క్లాసులో చూపించాను.

ఇక మిగిలింది ఆ మాటల సంగతి. ఓనరమ్మకు తెలిసిపోయింది కాబట్టి దాచాల్సిన పని లేదు. అయినా అన్న ఒప్పుకోలేదు, "ఆమెను పిలువు" అన్నాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆటోలో తీసుకొచ్చాను. ఇరుకు మెట్లు ఆయాసపడుతూ ఎక్కి, స్టూలు మీద కూర్చుని పదకొండు నిమిషాలూ చూసింది. తన చేతులు, పీట, ఆవిరి, తన గొంతు. తను ఏడ్చే చోటు వచ్చింది. ఆ ఏడుపు మీదే నేను సినిమాను ముగించాను.

"వాసన పోయింది, సెవితోని వండుతా అన్న మాట ఉంచు," అంది చివరకు. "అది నిజమే గద. గా ఏడ్సుడు తీసెయ్యి."

"అదే అందరి మనసుకూ తగులుతుంది పెద్దమ్మా."

"తగులుతది. సినిమాకు మంచిగుంటది, నాకే మంచిగుండది. రేపు పిల్లలంత నన్ను సూసి అయ్యో అంటరు. నాకు అయ్యో వద్దు బిడ్డా, ప్లేటు పట్టుకొని రావాలె."

నేను అన్న వైపు చూశాను. ఆయన మానిటర్ వైపే చూస్తున్నాడు. ఆ ముక్క కోసేశాను. ఆవిడ ముందే ఆ ఫైలునూ తీసేశాను. దాని తర్వాత ముగింపు దొరక్క ఇంకో మూడు వారాలు తంటాలు పడ్డాను. ఇద్దరూ ఉప్పు దగ్గర పోట్లాడుకునే చోట ఆపేస్తే సరిపోతుందని చివరికి అర్థమైంది.

ఒక ఆదివారం మా సెంటర్‌లోనే పెద్ద క్లాసు రూములో చూపించాం. అన్న బాగుచేసిన ప్రొజెక్టర్. సౌండు సరిగ్గా వినపడాలని ఫ్యాన్లు ఆపేశాం, అందరం చెమటతో తడిసిపోయాం. మా పదిమందిలో జారుకున్నవాళ్లూ వచ్చారు. హాస్టల్ అమ్మాయిలు వచ్చారు. పెద్దమ్మ, ఓనరమ్మ రెండో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. తెర మీద కరివేపాకు పడ్డప్పుడు వెనక ఎవరో "అబ్బా, ఆకలేస్తోంది" అంటే అందరూ నవ్వారు. అయిపోయాక కెమెరా గురించి రెండు ప్రశ్నలు వచ్చాయి. మిగతావన్నీ పెద్దమ్మకే. వంకాయ వేగిందని చెవికి ఎలా తెలుస్తుంది, పాలు పొంగేముందు ఏమంటాయి. ఆవిడ లేచి నిలబడి, బోర్డు ముందు నేను పాఠం చెప్పినదానికన్నా బాగా చెప్పింది.

సినిమాను, దానితోపాటు కోయని వంట చప్పుళ్ల ఫైళ్లను కూడా, పెద్దమ్మను అడిగాకే, ఎవరైనా వాడుకునేలా నెట్‌లో పెట్టాం. చూసినవాళ్లు వందల్లోనే. రెండు నెలల తర్వాత వరంగల్ నుంచి ఒకావిడ రాసింది. తనకూ జ్వరం తర్వాత వాసన పోయిందట, వంట చేయాలంటే భయమై మానేసిందట. మీ పోపు చప్పుడు ఫోన్లో పెట్టుకుని విని, పక్కన మూకుడు పెట్టి మొన్న చారు చేశాను, పప్పు ఉడికే చప్పుడు కూడా ఉంటే పంపగలరా అని అడిగింది.

ఆ మెయిలు పెద్దమ్మకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"ఒక్క పప్పేనా అడిగింది? పాల సప్పుడు సుత పట్టుదాం. పాలకాడనే మస్తు మంది మోసపోతరు."

మర్నాడు రికార్డర్ పట్టుకుని వెళ్లాను. ఆవిడకు ఇప్పటికీ వాసన పూర్తిగా రాలేదు. అప్పుడప్పుడు లవంగం దగ్గర ఏదో తగిలినట్టుంటుంది అంటుంది, అంతే. ఓనరమ్మను కాసేపు మాట్లాడొద్దని చెప్పి, చిన్న మంట మీద పాలగిన్నె పెట్టింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డర్ గిన్నెకు దగ్గరగా పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గిన్నె అంచుల దగ్గర ఇసుక జారుతున్నట్టు సన్నటి చప్పుడు మొదలైంది. పెద్దమ్మ వేలెత్తి, పెదవులతో మాత్రమే, "గిదే" అంది.